కరెంటు లేని గదిలో టేబుల్ ఫ్యాను

ఇది 1988 నాటి సంగతి. అప్పటికి నేను కలకత్తాలో, అలీపూర్ కోర్టులో ముహురీగా చేరి పదకొండేళ్ళయింది. ముహురీ అంటే వకీలుగారి గుమాస్తా. కేసు కాయితాలు తయారుచెయ్యడం, స్టాంపులు కొనడం, వాయిదా తేదీలు గుర్తుపెట్టుకోవడం, కక్షిదారుల్ని తిట్టడం, మళ్ళీ వాళ్ళనే ఓదార్చడం, అన్నీ మా పనే. వకీలుగారు నల్లకోటు వేసుకుని జడ్జి ముందు నిలబడేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల వెనక మా పది రోజులుంటాయి. గొప్పకి చెప్పడం లేదు. గొప్పలు చెప్పుకోవడానికి ఈ కేసు పనికిరాదు కూడా.

మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవు డాక్‌లో కళాసీగా చేశాడు. నేను పుట్టింది వాట్‌గంజ్‌లో. తెలుగూ బెంగాలీ రెండూ రాయడం వచ్చు కాబట్టి డాక్‌లోగానీ మిల్లుల్లోగానీ మనవాళ్ళకి ఏ కోర్టు గొడవ వచ్చినా జోగారావు దగ్గరికి వెళ్ళమనేవారు. బెంగాలీలకి నేను జోగాదాని, అంటే జోగన్నని. నాకున్న జబ్బల్లా ఒకటే, కుదురు లేకపోవడం. టైపిస్టు ఒక కాయితం పూర్తిచేసేలోపు నాలుగుసార్లు లేచి కూర్చుంటాను. మా ఆవిడ నన్ను కాలుగాలిన పిల్లి అంటుంది. ఆ తొందరే ఆ ఏడు ఒక మనిషి ఇంటిని దాదాపు ముంచేసింది.

జూన్‌లో, ఇంకా వానలు మొదలవని రోజుల్లో, తవిటయ్య వచ్చాడు. నలభై దాటిన మనిషి. బడ్జ్ బడ్జ్‌లో ఒక జనపనార మిల్లులో పనిచేసేవాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. మిగతాది నార దువ్వే కార్డింగ్ మెషిన్ లాగేసుకుంది. ప్లాస్టిక్ సంచి ముడిని పళ్ళతో విప్పి, కాయితాలు ఒక్కొక్కటే కుడిచేత్తో నా బల్లమీద పెట్టాడు. భార్య నీలమ్మ సాయం చెయ్యబోతే మోచేత్తో అడ్డుకున్నాడు.

"ఏటి కత తవిటయ్యా? తొందరగా సెప్పు, నాకు కోర్టు టైమైపోతంది" అన్నాను.

"ఇల్లు పోనాది బావూ. సెయ్యి పోయి ఆస్పత్రిలో ఉన్నపుడు పోనాది."

చెయ్యి పోకముందు, మిల్లు జీతం కూడబెట్టి రెండు గదుల పెంకుటిల్లు కొనుక్కున్నాడు. ప్రమాదం తర్వాత నెలల తరబడి ఆస్పత్రి. నీలమ్మ అతని దగ్గరే ఉండిపోయింది. ఇల్లు ఖాళీగా ఉంది కదా, సిమెంటు బస్తాలు పెట్టుకుంటానని ఒక ఇసుక కాంట్రాక్టరు తాళంచెవి అడిగాడు. వీళ్ళు ఇచ్చారు. తిరిగొచ్చేసరికి గుమ్మానికి కొత్త తాళం ఉంది, ఆ ఇల్లు తవిటయ్యే తనకి అమ్మాడని కాంట్రాక్టరు దగ్గర రిజిస్టరు కాయితం ఉంది. పంచాయితీ చేసి ఇల్లు ఇప్పిస్తారని తవిటయ్య పార్టీ ఆఫీసు బెంచీ మీద కూర్చుని కూర్చుని రెండేళ్ళు పైగా పోగొట్టుకున్నాడు. అలాంటి దొంగ దస్తావేజు రద్దు చెయ్యమని అడగడానికి, సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్ళే గడువు. నేను వేళ్ళమీద నెలలు లెక్కపెట్టాను. మూడు మిగిలాయి.

దస్తావేజు నకలు తీసి చదవడం మొదలుపెట్టాను. ఆఖరి పేజీలో అమ్మినవాడి పేరు, పక్కన వేలిముద్ర, దాని కింద ఎల్.టి.ఐ. అని మూడు అక్షరాలు. ఎడమ బొటనవేలి ముద్ర అని అర్థం. చదువురాని మగవాడి చేత మేం ఏ కాయితం మీదైనా వేయించేది అదే, ఇంకోటి ఆలోచించం కూడా. తేదీ చూశాను. తవిటయ్య చెయ్యి పోయిన రోజు కంటే ఏడు నెలల తర్వాతది. తలెత్తి అతని చొక్కా చెయ్యి చూశాను. ఖాళీగా మడిచి పిన్నుపెట్టి ఉంది.

కుర్చీలోంచి లేచి ఎగిరినంత పని చేశాను. "తవిటయ్యా! లేని ఏలితో నువ్వు ముద్ర ఏసినావురా!" అని అరిచాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. నీలమ్మ అర్థంకాక ఏడవడం మొదలుపెట్టింది. తవిటయ్య మాత్రం నకలు వైపు కాసేపు చూసి, "అయితే గెలుత్తామేటి?" అని మెల్లగా అడిగాడు.

గెలుస్తాం. కానీ ముందు లోపలికి వెళ్ళాలి కదా. ఇంటి కోసం దావా వెయ్యాలంటే ఇంటి విలువనుబట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఆ ఫీజు వింటూనే నీలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీళ్ళ బతుకంతా తవిటయ్య చెయ్యి పోయినందుకు కార్మికుల బీమా నెలనెలా ఇచ్చే డిసేబుల్‌మెంట్ బెనిఫిట్ మీద. దాన్ని వాళ్ళు చెయ్యి పింఛను అనేవాళ్ళు. ఆమె రెండిళ్ళలో అంట్లు తోమేది.

ఇలాంటివాళ్ళకి చట్టంలో ఒక దారి ఉంది. దాన్ని ఇండిజెంట్ పిటిషన్ అంటాం. పాతకాలం వకీళ్ళు పాపర్ పిటిషన్ అనేవారు. ఫీజు కట్టే స్తోమత నాకు లేదు, కట్టకుండానే నా దావా తీసుకోండి అని అడగడం. దానికి షెడ్యూల్ అని ఒక జాబితా జతచెయ్యాలి. మనిషికి ఉన్నదంతా, చెంబూ తపేలాతో సహా, అందులో రాయాలి. ప్రభుత్వం తరఫున ఒకాయన ఇంటికొచ్చి అది నిజమో కాదో చూసి రిపోర్టు ఇస్తాడు. తర్వాత జడ్జిగారు విచారిస్తారు.

షెడ్యూల్ నేనే రాశాను. ఒక చాప, రెండు అల్యూమినియం తపేలాలు, ఒక కిరసనాయిలు పొయ్యి, ఒక ట్రంకుపెట్టె. చదివి వినిపించాను.

"పింఛను రాయలేదేటి బావూ?" అన్నాడు తవిటయ్య.

"నెలనెలా డబ్బొత్తందని రాత్తే నిన్ను బీదోడని ఎవుడు నమ్ముతాడు? నోర్మూసుకో."

"మరి అది ఉంది కదా?"

"ఉంటే ఉంది. ఉన్నదల్లా సెప్పుకుంటే కోర్టులో పనులవ్వవు."

ముహురీలందరం చేసే పనే అది. షెడ్యూల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని మా నమ్మకం. ఎక్కడ చదివిందీ కాదు, పెద్ద ముహురీల దగ్గర చూసి నేర్చుకున్నదే. మా వకీలు సేన్‌గారు ఆ రోజు మూడు కోర్టుల మధ్య పరిగెడుతున్నారు. నామీద నమ్మకంతో సంతకం పెట్టేశారు. తవిటయ్య కుడి బొటనవేలితో ముద్ర వేశాడు. పిటిషన్ గడువు లోపలే దాఖలైంది. ఇద్దరూ మాఝేర్‌హాట్‌లో రైలెక్కి బడ్జ్ బడ్జ్ వెళ్ళిపోయారు.

అక్టోబరులో, దుర్గాపూజ సెలవుల ముందు, ప్రభుత్వ రిపోర్టు వచ్చింది. నిలబడే చదివాను. పిటిషనర్ గదిలో ఒక టేబుల్ ఫ్యాను, ఒక ట్రాన్సిస్టరు, ఒక కుట్టుమెషిను, ఇనుప మంచం, పరుపు, నాలుగు ఇత్తడి బిందెలు ఉన్నాయట. తవిటయ్య స్తోమత గల మనిషనీ, ఏ లోటూ లేదనీ ఇరుగుపొరుగు చెప్పారట. కాబట్టి ఇతను ఇండిజెంట్ కాదు.

సేన్‌గారు ఫైలు మొత్తం తెప్పించుకున్నారు. ఈసారి ప్రతి పేజీ చదివారు. చదువుతూ ఒక చోట ఆగి కళ్ళజోడు తీశారు. చెయ్యి ఎప్పుడు పోయిందో రుజువు చెయ్యడానికి మెడికల్ బోర్డు కాయితం మేమే జతచేశాం. అందులో బెనిఫిట్ సంగతి స్పష్టంగా ఉంది.

"జోగా, షెడ్యూల్‌లో ఇదెక్కడ?"

"రాయలేదు సార్. రాస్తే నష్టమని..."

"నష్టమా? చెయ్యి పోయినందుకు ఇచ్చే ఆ సొమ్మును ఏ కోర్టూ జప్తు చెయ్యలేదు. జప్తు చెయ్యలేనిదాన్ని స్తోమత కింద లెక్కపెట్టకూడదని చట్టంలోనే ఉంది. రాసి ఉంటే నీ మనిషికి వెంట్రుకంత నష్టం లేదు. దాచావు కాబట్టి మాత్రం, ఆ ఒక్క కారణంతో పిటిషన్ కొట్టేస్తారు. అవతలి వకీలు ఈ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. పదకొండేళ్ళు నేను ఎంతమంది పింఛన్లు ఇలా మింగేశానో అని లెక్క మొదలైంది బుర్రలో. పూజ సెలవుల్లో ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని పందిళ్ళు తిరుగుతుంటే నేను గదిలో గోడకీ గోడకీ మధ్య తిరిగాను. మూడోరోజు ఆగలేక బడ్జ్ బడ్జ్ రైలెక్కాను.

తవిటయ్య అద్దెకుంటున్న గది మనవాళ్ళ బస్తీలో ఉంది. తలుపు తీసే ఉంది. లోపల చాప, తపేలాలు, పొయ్యి, ట్రంకు. నేను రాసినవే.

"ఫ్యాను ఏదిరా?" అన్నాను గుమ్మంలోనే.

జవాబు చెప్పింది పక్కగది పారమ్మ. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, బస్తీ మొత్తానికీ అప్ప, అంటే పెద్దక్క లాంటిది. నడుంమీద చెయ్యేసుకుని మరీ చెప్పింది. "నాదే ఫ్యాను. నానే తెచ్చి ఎట్టినాను. ఏటి, తప్పా?"

అప్పుడు బయటపడింది. రేషన్ ఆఫీసు నుంచి కార్డుల తనిఖీకి ఎవరొచ్చినా ఆ బస్తీలో ఒక ఏర్పాటు ఉంది. ఎవరి గది తనిఖీ అయితే ఆ గదిలోకి అందరూ తలో సామానూ మోసుకొచ్చి పెడతారు. గది బోసిగా కనిపిస్తే ఇక్కడ కాపురమే లేదు, ఇది దొంగ కార్డు అని కొట్టేస్తారని భయం. ఎప్పుడో ముగ్గురి కార్డులు అలా పోయాయట. అప్పట్నుంచీ ఆఫీసు మనిషి వస్తున్నాడంటే మంచాలు గది మారతాయి. ఎవరి గురించి అడిగినా పాతికేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాడు, అన్నీ ఉన్నాయి, గొప్ప మనిషి అని చెప్పాలి. ఆరోజు తవిటయ్య బీమా ఆఫీసు లైనులో ఉన్నాడు. రాసుకునే అట్ట పట్టుకుని ఒక బెంగాలీబాబు వస్తున్నాడని ముందే కబురందింది. రేషన్ మనిషే అనుకున్నారు, పావుగంటలో గది నిండిపోయింది.

"నువ్వేటి సేసినావు?" అని నీలమ్మని అడిగాను.

"ఆయన 'ఇవన్నీ మీవేనా' అన్నాడు. కార్డు పోతాదని బయిమేసి అవునన్నాను."

తిట్టబోతూ తలెత్తి గోడలు చూశాను. స్విచ్చి లేదు, తీగ లేదు, బల్బు కూడా లేదు. ఆ గదికి అసలు కరెంటే లేదు.

"తిరగని ఫ్యాను ఎందుకెట్టినావప్పా?"

"కరెంటు కోత, లోడ్‌సెడ్డింగని సెప్పినాం. నమ్మినాడు" అంది పారమ్మ.

నవ్వొచ్చింది. వాళ్ళు ప్రేమకొద్దీ గది నింపారు. నేనేమో నా తెలివికొద్దీ కాయితం ఖాళీ చేశాను. తవిటయ్య నిజానికి ఎలా బతుకుతున్నాడో ఆ రిపోర్టులోనూ లేదు, నా షెడ్యూల్‌లోనూ లేదు.

సెలవుల తర్వాత సేన్‌గారు పింఛను చేర్చి కొత్త షెడ్యూల్ వేశారు. విచారణకి ముందురోజు తవిటయ్యని పిలిపించాను. అప్పటికి నాకు నిద్ర సరిగా పట్టి చాలా రోజులైంది. దాచమన్నది నేనని తేలితే కోర్టులో పనిచెయ్యనిచ్చే నా ముహురీ కార్డుకే ఎసరు. గొంతు తగ్గించి, "జడ్జిగారడిగితే పింఛను సంగతి మర్సిపోనానని సెప్పు" అన్నాను.

అతను కోపగించుకోలేదు. కుడిచేత్తో ఖాళీ చొక్కాచెయ్యి సర్దుకుంటూ, "సెయ్యి మర్సిపోతానేటి బావూ?" అన్నాడు.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే సేన్‌గారి దగ్గరికి వెళ్ళి, ఆ తప్పు నాదేనని, పిటిషనర్ రాయమన్నా నేను రాయలేదని అఫిడవిట్ రాసి సంతకం పెట్టాను. ఆయన చదివి, "కార్డు పోవచ్చు జోగా" అన్నారు. "తెలుసు సార్" అన్నాను.

మర్నాడు ముందుగా రిపోర్టు రాసిన బాబు బోనెక్కాడు. మంచివాడే, కళ్ళకి కనిపించింది రాసుకున్నాడు. సేన్‌గారు తాపీగా అడిగారు.

"ఫ్యాను తిరుగుతోందా?"

"లేదు. లోడ్‌షెడ్డింగ్ అన్నారు."

"స్విచ్చి ఏ గోడకి ఉంది?"

ఆయన తన రిపోర్టు తిప్పి చూశాడు. "చూసినట్టు గుర్తులేదు" అన్నాడు చివరికి.

తర్వాత పారమ్మ. కోర్టు మెట్టు ఎక్కడం అదే మొదలు. వచ్చీరాని బెంగాలీలో ఫ్యాను తనదనీ, కుట్టుమెషిను ఫలానావాళ్ళదనీ, మంచం ఇంకొకళ్ళదనీ ఒక్కొక్కటే చెప్పింది. ఎందుకలా పెట్టారని జడ్జిగారు అడిగితే, "ఘర్ ఖాలీ దేఖ్‌లే కార్డ్ కేటే దేయ్, హుజూర్" అంది. గది ఖాళీగా కనిపిస్తే కార్డు కొట్టేస్తారని. కోర్టులో కొందరు నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు.

అవతలి వకీలు సేన్‌గారు చెప్పినట్టే రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి లేచాడు. జడ్జిగారు తవిటయ్యని అడిగారు. పాతికేళ్ళ మిల్లు బెంగాలీలో అతనిచ్చిన జవాబుని నేను మన మాటలో రాస్తున్నాను.

"పింఛను ఉంది బావూ. నెలనెలా వొత్తాది. నా సెయ్యి ఉండుంటే అది వొచ్చీది కాదు. అది రాయమనే సెప్పినాను. రాసీవోరు నా మంచికే రాయలేదు."

నా మంచికే. నేను తలుపు దగ్గర నిలబడి ఆ మాట విన్నాను. జడ్జిగారు నా అఫిడవిట్ చదివి నావైపు ఒక చూపు చూశారు. నన్ను గట్టిగా మందలించారు, కార్డు జోలికి మాత్రం పోలేదు. చెయ్యి పోయినందుకు వచ్చే సొమ్ము స్తోమత కాదనీ, అరువు సామాను ఆస్తి కాదనీ రాసి పిటిషన్ అనుమతించారు. దావా లోపలికి వెళ్ళింది.

లోపలికి వెళ్ళాక ఆ దస్తావేజు నిలబడలేదు. అయినా కోర్టు కోర్టే కదా, డిక్రీ చేతికి రావడానికి మూడేళ్ళు పట్టింది. ఇంతమందిని చూశాను గానీ, అన్నాళ్ళూ ఒక్క వాయిదా తప్పకుండా వచ్చినవాడు తవిటయ్య ఒక్కడే. తర్వాత చట్టం మారి, అంగవైకల్యం ఉన్నవాళ్ళకి ఉచిత న్యాయ సహాయం వచ్చింది. అప్పటికి లేదు.

ఆ రోజు నుంచి ఇండిజెంట్ పిటిషన్ ఏదొచ్చినా నేను ముందు ఆ మనిషి గదికి వెళ్ళి చూసొస్తాను. గోడలు చూస్తాను. పింఛను ఉంటే మొట్టమొదటి వరసలో రాస్తాను. మిగతా ముహురీలు నన్ను చూసి జోగాదాకి చాదస్తం పట్టిందనేవారు. నేను చాలా నేర్చుకున్నాననే అనుకున్నాను, ఇల్లు అప్పగించిన రోజు దాకా.

ఆ రోజు డిక్రీ అమలుచేసే కోర్టు బేలిఫ్ తాళం పగలగొట్టి, ఇల్లు ముట్టిందని రాసిన కాయితం నా చేతికిచ్చి ముద్ర వేయించమన్నాడు. బస్తీ బస్తీ అంతా అక్కడే ఉంది. పారమ్మ ఫ్యాను చంకన పెట్టుకుని నిలబడింది, ఈ ఇంటికి కరెంటు ఉంది కాబట్టి. బేలిఫ్‌కి రైలు టైమైపోతోంది. నాకు ఎప్పటిలాగే తొందర. సిరాపెట్టె తెరిచి, కాయితం మీద ఎల్.టి.ఐ. అని గబగబా రాసేసి, తల ఎత్తకుండానే అతని ఎడమచెయ్యి కోసం చెయ్యి చాచాను.

నా వేళ్ళకి ఖాళీ చొక్కాచెయ్యి తగిలింది.

తవిటయ్య నవ్వాడు. అన్నేళ్ళలో అతను నవ్వగా చూడటం అదే మొదటిసారి. "ఆ ఏలు మీకు దొరకదు బావూ" అన్నాడు. "అది దొంగలకే దొరుకుతాది."

రాసింది కొట్టేసి, అతని కుడిచెయ్యి పట్టుకున్నాను.